కాకి కంటే ఎక్కువ తిన్నాను

ఆ రోజుల్లో దేవుడు మనకు కావలసినంత ఇస్తూనే ఉండేవాడు; మనమే ఇంకాస్త కావాలని చేయి చాచి చెడగొట్టుకునేవాళ్లం. అరవైల చివర, నాకు పద్నాలుగేళ్లు. (బడికి వెళ్లలేదు, అక్షరాలూ అతిశయమూ రెండూ ఇంట్లోనే వంటబట్టాయి.) కళింగపట్నం ఇసుకలో ఏ ఇంటి చేపలు ఆ ఇంటివాళ్లు విడివిడిగా ఎండబెట్టేవారు. కాకుల నుంచి కాపలాకి ఇద్దరమే: నేనూ, చేతికర్ర వదలని ఓ పెద్దావిడా. ఆవిణ్ణి ఊరంతా కర్రప్ప అనేవారు (మా వైపు అప్ప అంటే అక్క). ఇంటికి రోజుకో దోసెడు ఎండుచేపలు కూలి. వాటిని సంతలో అమ్మించి అమ్మవారికి పొందూరు చీర పెడతానని మొక్కుకున్నాను.

నా కాళ్లు చురుకు. నేను అదిలించిన కాకులు ఎక్కడికి పోతాయి? తిన్నగా కర్రప్ప కాసే చేపల మీద వాలేవి. అది చూసి ఆమె వైపువాళ్లు ఒక్కొక్కరే "మావి కూడా నువ్వే సూడే" అంటూ నా దగ్గరికి వచ్చేశారు. నెల తిరక్కుండా తీరమంతా నాదే. అమ్మవారి దయ అనుకున్నాను (కాకుల దయ అని తోచలేదు). చీర తొందరగా రావాలని దోసెడు కూలిని రెండు దోసిళ్లు చేశాను.

అది విని మా మేనత్త నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఒసే, నీకన్నా కాకే నయమే! అది ముక్కుతో తింతాది, నువ్వు దోసిళ్లతో తింతన్నావు!"

"అయితే మీరే కాసుకోండత్తా" అని ఇంట్లో కూర్చున్నాను. నేను కాకపోతే ఇంకెవరున్నారని ధీమా. మర్నాడు వెళ్లి చూస్తే అన్ని ఇళ్ల చేపలూ పక్కపక్కనే పరిచి ఉన్నాయి, మధ్యలో కర్రప్ప మహారాణిలా కూర్చుంది. పాత కూలికే! మా అమ్మ కూడా మా చేపలు అక్కడే పోసింది. నా చీర గాలికి ఎగిరిపోయింది.

సిగ్గు చంపుకుని అడిగాను: "ఇప్పుడు నువ్వొక్కదానివే గదా అప్పా, రెండు దోసిళ్లు అడగలేదేటి?"

కర్రప్ప బోసినోటితో నవ్వింది. "అడిగితే రేపు మళ్లీ నిన్నే పిలుస్తారే, పిచ్చిదానా! నువ్వున్నావనే నాకీ మంచితనం. రా, ఆ సివర్న కూసో. సగం సగం."

అమ్మవారికి చీర బదులు రవికగుడ్డ పెట్టాను. ఇప్పుడు మేడ మీద వడియాలు ఎండబెట్టి, చేతికర్రతో కూర్చుంటాను. మొదటి కాకిని మాత్రం తోలను. నిజానికి మోకాళ్లు లేవనివ్వవు. కృతజ్ఞత అని చెప్పుకుంటాను.