నాన్నగారి పావుకోళ్లు

విజయనగరంలో మా నాన్నగారు వ్యాకరణం చెప్పిన సంస్కృత పాఠశాల పెరట్లో ఒక గురుమందిరం ఉండేది. గుడి అనుకునేరు, విగ్రహం లేదు. మధ్యలో మొదటి గురువుగారు కూర్చున్న రాతిపీట, చుట్టూ గోడల్లో గూళ్లు. ఒక్కో గూట్లో కాలం చేసిన ఒక్కో పంతులుగారి చెక్క పావుకోళ్లు. మొదటి శిష్యులే కొండరాయి మోసుకొచ్చి, బెల్లపునీళ్లు కలిపి నూరిన సున్నంతో కట్టారట. గుమ్మం కావాలనే పొట్టిగా పెట్టారు. ఎంతటి జమీందారైనా నడుం వంచాల్సిందే! ఇవన్నీ చెప్పి నాన్నగారు, "ఎప్పటికైనా అందులో ఒక గూడు నాది" అనేవారు. ఆయన కోరుకున్నది అదొక్కటే.

ఆడపిల్లల్ని మాత్రం లోపలికి పోనిచ్చేవారు కాదు. నేను గుమ్మం దగ్గర వంగి చూస్తుంటే తుడిచే ఆవిడ గదమాయించేది.

"ఏటమ్మా, అలగ సూస్తన్నావు? లోపలికెల్లకు తల్లీ, పంతుళ్లు సూస్తే నన్ను తిడతారు."

యుద్ధం రోజుల్లో, నాకు పదో ఏట, నాన్నగారు విషజ్వరంతో నాలుగు రోజుల్లో పోయారు. పన్నెండో రోజు దాటాక, పావుకోళ్ల కోసం శిష్యులు వస్తారని అమ్మ చెప్పింది. ఆ చెక్క మీద నాన్నగారి బొటనవేలు అరగదీసిన గుంట ఉండేది. అందులో నా వేలు పెడితే ఆయన పక్కనే ఉన్నట్టుండేది. మందిరంలో పెట్టేస్తే ఇక నన్ను ముట్టుకోనిస్తారా? ఒకటి తీసి తౌడు కుండలో దాచేశాను.

ఇద్దరు శిష్యులు ఇత్తడి పళ్లెం పట్టుకొచ్చారు. రెండోదాని కోసం ఇల్లంతా వెతికారు. "ఒంటిది పెట్టకూడదమ్మగారూ, రేపొస్తాం" అని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆవుకి తౌడు తియ్యబోయి అమ్మ కుండలో చెయ్యి పెట్టింది. ఇక నా వీపు విమానం మోతే అనుకున్నాను. అమ్మ నావైపు చూడనేలేదు. దాన్ని పైకి తీసి, తౌడు దులిపి, ఆ గుంటని వేలితో చాలాసేపు నిమిరింది. మళ్లీ కుండలోనే పెట్టి మూత వేసింది. శిష్యులు రాగానే, "దొరకలేదు నాయనా, ఇంక తిరక్కండి" అంది.

అలా గూళ్ల వరసలో నాన్నగారికి చోటు లేకుండా పోయింది. ఆయన బతుకంతా కోరుకున్నదాన్ని పాడుచేసింది నేను. అయినా ఉన్నమాట చెబుతున్నాను, ఈ పూట పాఠశాలవాళ్లు వచ్చి అడిగినా దాన్ని నేనివ్వను. తిట్టుకుంటే తిట్టుకోండి నాన్నగారూ, ఇవ్వను.