హంపన్న చిటికెనవేలు

కొబ్బరిచిప్పలోని తడిగుడ్డ మీద ఎడమ బొటనవేలు అద్ది, జీన్స్ గుడ్డ వెనకవైపు ఒక మూల నొక్కింది కెంచమ్మ. వేలు తీసి రెండు ఊపిర్లంత సేపు ఆగింది. గుడ్డ తడిని చప్పున తాగేసింది. అంటే ఇది ఉతికితే బాగా కుంచించుకుపోయే సరుకు. కుడిచేత్తో జిప్పును బిగువుగా పట్టుకొని, ఎడమచేత్తో గుడ్డను నువ్వుగింజంత వదులుగా మిషను పాదం కిందికి తోసింది. మోటారు గుర్రుమంది. జిప్పు పక్కనే కిందికి దిగి, అడుగున వంకీ తిరిగే కుట్టు అది. దానికి సుద్దగీత లేదు, అట్టముక్క ఆసరా లేదు. కుడుతున్నంతసేపూ ఆమె ఎడమచేతి చిటికెనవేలు గుడ్డకు తగలకుండా పైకి లేచే ఉంది.

ఆ రోజు ఆమె నెత్తి మీద కొత్తగా ఒక టోపీ కూడా ఉంది. టోపీ ముందు అగ్గిపెట్టెంత కెమెరా. బళ్ళారిలోని ఆ జీన్స్ షెడ్డులో మొత్తం ఎనిమిది మందికి పెట్టారు.

"మీ చేతులు చూసి ఏఐ నేర్చుకుంటాదంటక్కా. రేపు మరచేతులకు కుట్టేది నేర్పిస్తారంట. మీ పని మీరు సుమ్నే, ఎప్పటి మాదిరే చేస్తా ఉండండి, అంతే," అని పొద్దున్నే చెప్పిపోయాడు సూపర్‌వైజర్ తిరుమలేష్.

పక్క మిషను మీద ప్యాంటు కాళ్లు జోడించే అంబిక నవ్వింది. "సండూరు గనిలోకి దిగేవాళ్ల మాదిరి ఉండాం గదక్కా. మన దగ్గరే పని నేర్చుకొని, మనల్నే ఇంటికి పంపిస్తాదేమో. కొత్త కోడలు వచ్చినట్ల."

"నీకేం భయమే. నీ కోడలు వచ్చేలోపల నువ్వే ముసిల్దానివైతావు."

"ఇప్పటికే మా ఇంట్లోకి వచ్చేసిందక్కా అది. మా ఆయన మిరపచేనుకు ఏ మందు కొట్టాల్నో ఫోన్లో దాన్నే అడుగుతాండాడు. ఇరవై ఏండ్లు కలుపు తీసిన నన్ను అడగడు."

మధ్యాహ్నం కెమెరాల కంపెనీ పిల్లవాడు ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. సిరుగుప్ప పక్కన కాలువ కింద కోస్తానుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు అతనిది. బెంగళూరులో చదివి ఆ కంపెనీలో చేరాడు. టోపీ సరిగ్గా కూర్చుందో లేదో చూస్తూ, "మీదే ఊరండీ అమ్మా?" అని అడిగాడు.

"దేశనూరు నాయనా. మా యమ్మ మీ క్యాంపు మళ్లల్లోనే నాట్లేసింది."

అతను మొహమాటంగా నవ్వి, చేతిలోని ట్యాబు ఆమెవైపు తిప్పాడు. "చూడండి, ఇలా పడుతోంది. చేతులు రెండూ ఫ్రేములో ఉన్నాయి."

కెంచమ్మ చూసింది. పైనుంచి తీసిన బొమ్మ. మొహం లేదు, చీర లేదు. నీలం పట్టిన రెండు చేతులు, వాటి కింద కదిలే గుడ్డ, పైకి లేచిన చిటికెనవేలు. అవి ఆమె చేతులు కావు. హంపన్నవి.

హంపన్న ఆమె భర్త. అతనికి ఎవరూ పని నేర్పలేదు. సంతలో పాత ప్యాంట్లు కొనుక్కొచ్చి, కుట్టు విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాడు. ఉతికితే గుడ్డ కుంచించుకుంటుంది, జిప్పు కుంచించుకోదు, అందుకే జిప్పు పాములా మెలికలు పడుతుంది అని కనిపెట్టడానికి అతనికి ఒక ఏడాది పట్టింది. తడివేలితో గుడ్డను అడగడం అప్పటినుంచే మొదలైంది. ఆ రోజుల్లోనే సూది ఒకసారి ఎడమ చిటికెనవేల్లోకి ఎముకదాకా దిగింది. ఆ తర్వాత ఆ వేలు వంగలేదు.

పెళ్లయ్యాక భార్యను వెనక నిలబెట్టుకొని, తన భుజం మీదుగా చూసి నేర్చుకోమన్నాడు. ఆమె చూసింది చూసినట్టే నేర్చుకుంది. నాలుగేళ్ల తర్వాత ఒకనాడు అతను ఆమె చేతివైపు చూసి మిషను ఆపేశాడు.

"ఓసి పిచ్చిదానా, నా వేలు వంగదు గాబట్టి పైకి పెట్టుకుంటా. నీకేం రోగమే?"

ఆమె సిగ్గుపడి వేలు దించి కుట్టింది. కుట్టు వంకరపోయింది. అతను షెడ్డంతా వినపడేలా నవ్వి, "పోనీ లే, అట్లే పెట్టుకో," అన్నాడు.

రెండేళ్ల కిందట నాలుగు రోజుల జ్వరంతో హంపన్న పోయాడు. మట్టిలో పెట్టేటప్పుడు కూడా బొటనవేలి గోరు నీలంగానే ఉంది. నెల తిరగకముందే అతని మిషను ముందు ఆమె కూర్చుంది. ఫోన్లో అతని ఫొటోలు మూడున్నాయి. మూడింట్లోనూ చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఆ వీడియో నా ఫోన్లోకి పంపిస్తావా నాయనా?" అని అడిగింది.

"కుదరదమ్మా. బయటికి ఇవ్వకూడదని రాసుంది. సాయంత్రానికి ఇవన్నీ పై ఆఫీసుకు వెళ్లిపోతాయి, నా దగ్గర కూడా ఉండవు."

"అక్కడ చూసేవాళ్లకు ఇది ఎవరి చెయ్యో తెలుస్తాదా?"

"పేరుండదమ్మా. నంబరు ఒక్కటే."

అతను పక్క మిషను దగ్గరికి వెళ్లాక కెంచమ్మ కొబ్బరిచిప్పను కాలితో స్టూలు కిందికి నెట్టింది. గుడ్డపేలిక ఒకటి చింపి చిటికెనవేలిని ఉంగరపువేలితో కలిపి కట్టింది. అందరూ వాడే అట్టముక్క తెప్పించుకొని, దాని చుట్టూ సుద్దగీత గీసి, గుడ్డకు వదులివ్వకుండా గీత మీద కుట్టింది.

అంబిక కళ్లు పెద్దవి చేసింది. "ఏందక్కా, నువ్వు అట్ట పెట్టి కుడతాండావు?"

"ఇన్నేండ్లలో ఈ కుట్టు ఎట్ల వేస్తాండావని నన్ను ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఇప్పుడు పేరు లేని దానికి ఊరికే ఎందుకియ్యాల?"

అంబిక తన మిషను వైపు తిరిగింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. కట్టిన వేలు గుంజుతూనే ఉంది. కుట్టు చూపుకు బాగానే ఉంది. మూడోనాడు ఉతికే షెడ్డునుంచి సరుకు తిరిగి వచ్చింది. తిరుమలేష్ ఒక ప్యాంటు తెచ్చి ఆమె ముందు పరిచాడు. జిప్పు మీద గుడ్డ ముడతలు పడి, బొడ్డు కిందినుంచి పాము పాకినట్టు ఉంది.

"కెంచక్కా, ఇది నీ చేతి పనేనా?"

"నాదేనప్పా."

"హంపన్న మిషను మీదినుంచి ఇట్లాంటిది నేనెప్పుడూ చూడలేదు." కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. "ఉతికినవన్నీ విప్పాల. ఉతకనివి ఇంకా ఒక కట్ట ఉండాది, అవి గూడా విప్పి మళ్లీ కుట్టి పొద్దుమునిగే లోపల పంపియ్యాల."

కెంచమ్మ విప్పడానికి కూర్చుంది. బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టే తెంపుతుంటే ఒకనాటి మాట గుర్తొచ్చింది. యజమాని మీద అలిగి, ఆమె ఒక కట్ట ఎలాగోలా కుట్టి పడేసింది. హంపన్న వాటినన్నిటినీ తనే విప్పాడు. "యజమాని మీద కోపం యజమానికి చూపించు. తొడుక్కునేవాడు మనకేం చేసినాడే?" అన్నాడు విప్పుతూ.

విప్పడం అయ్యాక తిరుమలేష్‌ను పిలిచింది. "ఉతకని కట్ట నేను సరిగ్గా కుట్టి ఇస్తానప్పా. ఈ ఒక్క కట్టకు టోపీ తీసేస్తా."

తిరుమలేష్ యజమాని గదికి పోయి వచ్చి మెడ రుద్దుకున్నాడు. "టోపీ లేకుంటే ఈ మిషను మీద ఇంకొకర్ని కూర్చోబెట్టమంటాండాడు యజమాని. నేను అడిగి చూస్తినక్కా. ఒప్పుకోలేదు."

ఆమె మిషను వైపు చూసింది. ముందు అంచున, హంపన్న మణికట్టు ఆనే చోట, రంగు పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఈ రెండేళ్లుగా తన మణికట్టూ అక్కడే ఆనుతోంది. మంచి కుట్టు వేయాలంటే చెయ్యి చూపించక తప్పదు. చెయ్యి దాచుకుంటే చెడ్డ కుట్టే మిగులుతుంది. ఎంతసేపు చూసినా మూడో దారి కనపడలేదు.

స్టూలు కిందినుంచి కొబ్బరిచిప్ప తీసింది. అంబిక లేచి వెళ్లి అందులో నీళ్లు పోసుకొచ్చి పెట్టింది.

కెంచమ్మ వేళ్ల కట్టు విప్పింది. టోపీ సర్దుకుంది. బొటనవేలు తడిపి గుడ్డ మూల నొక్కి, ఆగింది. ఆ ఆగడం కెమెరా చూసింది. జిప్పు బిగించడం చూసింది, గుడ్డ వదలడం చూసింది. చిటికెనవేలు తనంతట తానే లేచింది. ఒక ప్యాంటు తర్వాత ఒకటి ఆమె చేతుల కిందినుంచి జారిపోతూ ఉంది. తొందరపడలేదు, ఆలస్యమూ చేయలేదు. ఒకసారి మాత్రం కళ్లు మసకబారితే ముంజేత్తో తుడుచుకొని, అదే కుట్టు దగ్గరినుంచి మళ్లీ మొదలుపెట్టింది.

అయిదు దాటాక ప్రవీణ్‌కుమార్ టోపీలు తీసుకోవడానికి వచ్చాడు. ఆమె దగ్గర ఆగి, ట్యాబులో చూస్తూ, "అమ్మా, ఒక సందేహం. ఈ చిటికెనవేలు ఎందుకు ఎత్తుతున్నారు? అది పనిలో భాగమా, కాదా అని పై ఆఫీసువాళ్లు రాయమంటున్నారు. కాదంటే మరచేతులకు నేర్పేటప్పుడు వాళ్లు దాన్ని తీసేస్తారు," అన్నాడు.

కెంచమ్మ చివరి ప్యాంటు దారాలు కత్తిరిస్తోంది. అంబిక మిషను ఆపి ఇటువైపు చూసింది. హంపన్న వంగని వేలి సంగతి ఆమెకు తెలుసు.

"వేలు దించితే కుట్టు వంకర పోతాదా అమ్మా?" అతనే మళ్లీ అడిగాడు.

"నాకు పోతాది."

"అయితే ఏమని రాయమంటారు?"

ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"పనిలో భాగమే నాయనా. తీసేయొద్దని రాయి."

అతను రాసుకున్నాడు. కెంచమ్మ టోపీ తీసి, లోపల అంటుకున్న చెమటను కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. తర్వాత ప్యాంట్లు వరసగా పేర్చి, జిప్పులన్నీ ఒకేవైపు ఉండేలా సర్ది, కట్ట కట్టి ముడి వేసి తిరుమలేష్ చేతికి ఇచ్చింది.