చూపులకు పిలిచిన కంపెనీ

ఆ రోజుల్లో నాకు కోపం ధారాళంగా వచ్చేది. ఇప్పుడది లీవు ఉందో లేదో చూసుకొని వస్తోంది గానీ, చేతిలో డిగ్రీ ఉండి ఉద్యోగం లేని మనిషికి కోపం తప్ప సొంత ఆస్తి ఏముంటుంది? మదనపల్లెలో చదువు ముగించుకొని, పుంగనూరులో మా ఇంటి అరుగుకు కాపలా కాస్తున్న కాలం అది. కుప్పంలో డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీ ఒకటి సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచింది. మా బావ బూట్లు అడిగి తొడుక్కొని (ఒక సైజు చిన్నవి; ఆరోజు నా ముఖంలో కనిపించిన గాంభీర్యమంతా వాటిదే) వెళ్ళాను. అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పాను. మేనేజరు నవ్వాడు, తలూపాడు, టీ కూడా ఇప్పించాడు. కొన్నాళ్ళకు ఫోనుకు మెయిలొచ్చింది. నా ప్రతిభ వాళ్ళకు ఎంతో నచ్చిందట, నా భవిష్యత్తు బాగుండాలట, ఉద్యోగం మాత్రం లేదట. నేను పెద్దగా ఏమీ అనుకోలేదు. తింటున్న సంకటి గిన్నెను కాస్త పక్కకు జరిపాను. అది వాకిలి దాటి పక్కింటివాళ్ళ బైకు దగ్గర ఆగింది, అంతే.

అసలు మంట పెట్టింది ఓదార్పు. వీధిలోవాళ్ళు వరసగా పరామర్శకు వచ్చారు. ఒకామె బ్రెడ్డు ప్యాకెట్టు కూడా తెచ్చింది (నాకు జ్వరమని ఎవరో చెప్పారట). "పోనీలేప్పా. అయినా ఏం తప్పు సెప్పినావు ఆడ?" అంది. ఏమీ చెప్పలేదన్నాను. "మరి యాల వద్దన్నారు?" అంది. నన్ను లోపల కాలుస్తున్నదీ ఆ ప్రశ్నే. ఉద్యోగం పోతే పోయింది, నాలో ఏం తక్కువైందో చెప్పి చావచ్చు కదా. అద్దం ముందు నిలబడితే నా ముఖం మీద నాకే అనుమానం వచ్చేది.

అప్పుడు దిగాడు సోమల నుంచి మా మామ. అమ్మకు అన్న. సేద్యం చేస్తూ, తీరిక దొరికితే పెళ్ళిసంబంధాలు కుదురుస్తుంటాడు. అందుకని అందరికీ ఆయన సంబంధాల మామ. సంగతంతా విని కండువా దులిపాడు.

"పిలిసినారు, సూసినారు, టీ ఇచ్చినారు. ఇప్పుడు కారణం సెప్పకుండా వద్దంటారా? అట్ల వదిలేస్తే పిల్లోడికి ఏదో లోపం ఉండాదంటారు ఊర్లో. రేపు ఇంకో కంపెనీ యాడ నుంచి వస్తాది? పద, అడిగొద్దాం."

"మామా, కంపెనీల్లో అట్ల అడగరు."

"అడిగేవాళ్ళు లేకనే గదరా వాళ్ళు ఇట్లుండేది."

నేను ఆయన్ని ఆపాను. ఆపాల్సినంతగా ఆపలేదేమో.

మరుసటి రోజు పలమనేరులో బస్సు మారి కుప్పంలో దిగాం. ఉత్త చేతులతో పోకూడదని మామ బస్టాండులో అరటిపండ్లు కొన్నాడు. మేనేజరు మమ్మల్ని రైతులనుకొని లేచి మరీ కుర్చీలు చూపించాడు. ఎంత భూమికి వేయాలని అడిగాడు. మామ పండ్లు టేబుల్ మీద పెట్టాడు.

"భూమి సంగతి తర్వాత సార్. మా మేనల్లుడిని సూసి వద్దన్నారంట. వద్దనే హక్కు మీకుండాది. కారణం ఒకటి సెప్పండి, పోతాం. సదువు సాల్లేదా? మాట సక్కగా లేదా? మనిషి నచ్చలేదా?"

"మామా," అన్నాను.

"నువ్వుండు. ఈడ పిల్లోడు మాట్లాడకూడదు."

మేనేజరు నా ముఖం అప్పుడు గుర్తుపట్టాడు. మెయిల్లో ఉన్నదే మళ్ళీ చదివినట్టు చెప్పాడు, ప్రతిభ ఉందని. "అది మాకూ తెలుసు సార్. అదుండి గూడా ఇంట్లో ఉండాడు," అన్నాడు మామ, కదలకుండా. మేనేజరు ఫ్యాను వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి గొంతు తగ్గించాడు.

"మీవాడిలో లోపమేమీ లేదు పెద్దాయనా. ఆ పోస్టు మా డైరెక్టరు బంధువులబ్బాయికి ముందే ఇచ్చేశాం. నలుగురినీ పిలిచినట్టు ఉండాలి కాబట్టి పిలిచాం."

నాకు బావ బూట్లు గుర్తొచ్చాయి. రెండు మడమల మీదా బొబ్బల మచ్చలు ఇంకా పోలేదు. టేబుల్ మీదున్న శాంపిలు పైపు ముక్క వైపు ఊరికే చూశాను. మేనేజరు దాన్ని తీసి సొరుగులో పెట్టేశాడు.

మామ గొంతు పెంచలేదు. "నిశ్చితార్థం అయిపోయినాక సూపులకు యాల పిలిస్తిరి సార్?" అని మాత్రం అడిగాడు. లేచి, పండ్ల కవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

తిరుగుప్రయాణంలో ఆ పండ్లు మేమే తిన్నాం. పుంగనూరు చేరేలోపు, పిల్లోడిలో ఏ లోపమూ లేదని కంపెనీయే ఒప్పుకున్న సంగతి సగం బస్సుకు తెలిసిపోయింది. నా కోపం ఏమాత్రం తగ్గలేదు. కాకపోతే, ఆ మెయిలొచ్చిన తర్వాత మొదటిసారి, అది నా మీద కాదు.

తర్వాత మదనపల్లెలో ఇంకో కంపెనీ పిలిచినప్పుడు, కూర్చోకముందే "సార్, ఈ పోస్టు ఇంకా ఖాళీగానే ఉందా?" అని అడిగాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకొని, ఉందన్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మొన్న ప్రమోషను వేరేవాళ్ళకు పోయినప్పుడు నాకు మెయిలొచ్చింది, నా ప్రతిభ ఎంతో నచ్చిందని. 'థాంక్యూ సార్' అని జవాబు రాసి పంపించాక, సంకటి గిన్నె జరిపిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. సాయంత్రం బస్టాండులో ఆగి అరటిపండ్లు కొన్నాను. కవరు పట్టుకొని ఆఫీసు వైపు కాసేపు చూశాను కూడా. తర్వాత ఇంటికే తీసుకుపోయాను.