రేడియో బాగుచేసిన పేరు

మా బావ ఇంట్లో మొరాయించిన రేడియోను బాగుచేసింది నేనని జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో ఆ వీధివాళ్లు ఏడాదికి పైగా నమ్మారు. కొందరు ఇప్పటికీ నమ్ముతున్నారు. అది నిజం కాదు. ఆ రేడియో అన్నాళ్లు ఆగి ఆగి పాడడానికి కారణం నేను. ఆ సంగతి తెలిసిన క్షణంలో నోరు మూసుకున్నవాణ్ని కూడా నేనే. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

మా బావ స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా క్రేన్ల ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేశాడు. రిటైరయ్యాక అగ్రికో కాలనీలోని కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, సీతారాండేరాలో మూడు గదుల ఇంట్లోకి మారాడు. మేడమీద ఒక గది, ముందు వరండా. వరండాలో ఒక బల్ల వేసుకున్నాడు. వీధిలో మిక్సీ ఆగినా, ఇస్త్రీపెట్టె షాకు కొట్టినా ఆ బల్ల మీదికే వచ్చేది. ఆయన వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు కాదు. ముందు ప్రశ్నలు. ఎప్పుడాగింది, ఆగే ముందు చప్పుడేమైనా వచ్చిందా, అప్పుడు ఇంట్లో ఇంకేం నడుస్తోంది. డాక్టరు రోగిని అడిగినట్టు అడిగేవాడు. సగం లోపాలు ఆ ప్రశ్నల్లోనే దొరికిపోయేవి. "పార్టు మార్సీడం ఎవుడైనా సేత్తాడు, ఫాల్టు పట్టడం కదా పని" అనేవాడు. ఉద్యోగం అయిపోయాక ఆయనకు మిగిలిన హోదా అదొక్కటే.

నేను ఒక ఇంజనీరింగు సంస్థకు డ్రాయింగులు సరిచూస్తాను. ఆదిత్యపూర్‌లో మా ఆఫీసు ఎత్తేసి, ఇంటి నుంచి పనిచేసుకోమన్నారు. నదికి అవతల మాంగో అనే పేటలో మా ఫ్లాటు పైన కొత్త అంతస్తు లేస్తోంది. పొద్దస్తమానం డ్రిల్లింగు మోత. అందుకని సోమవారం నుంచి శుక్రవారం దాకా వంతెన దాటి బావ ఇంటికొచ్చి, మేడగదిలో కూర్చునేవాణ్ని. పదింటికి వచ్చేవాణ్ని, ఆరింటికి పోయేవాణ్ని. వాళ్లింటి వైఫై పెట్టించింది నేనే కనక రౌటరు పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. బావ దాన్నెప్పుడూ అడగలేదు.

అక్క పలాస దగ్గర పల్లె నుంచి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. విశాఖపట్నం రేడియో ఇక్కడికి అందదని ఎన్నో ఏళ్లు సణిగేది. ఇంటర్నెట్‌లో అదే స్టేషను వస్తుందని తెలిశాక బావ రెండు వైర్‌లెస్ స్పీకర్లు కొన్నాడు. ఒకటి వంటింటి అలమరలో, ఒకటి వరండాలో బల్ల పక్కన. రెండు చోట్లా ఒకే గొంతు, ఒకే క్షణంలో. అక్క వంట చేస్తూ రేడియోతో తగువుపడేది. "మెంతులు ముందేత్తారేటే ఎవరైనా? మాడిపోవూ?" అని అక్కడ మాట్లాడేవాళ్లను కోప్పడేది. బావ వరండాలో నవ్వుకునేవాడు.

నేను చేసిన పని చాలా చిన్నది. మా మేనకోడలికి కాలేజీ సెలవులు. పొద్దంతా ఫోనులో వీడియోలు చూసేది. ఒకరోజు ఆన్‌లైన్ మీటింగులో నా మాట మూడుసార్లు తెగిపోయింది, మా పైఅధికారి విసుక్కున్నాడు. ఆ చిరాకులో రౌటరు యాప్ తెరిచి ఒక నిబంధన పెట్టాను. పని రోజుల్లో పది నుంచి ఒంటిగంట దాకా, రెండు నుంచి ఆరు దాకా నా ల్యాప్‌టాప్‌కు కావలసినంత ఇంటర్నెట్. ఇంట్లో మిగతావన్నీ కలిసి ఒక చిన్న వాటాను పంచుకోవాలి. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేనకోడలు పోట్లాటకు వస్తుందని. రెండు రోజులకు ఆ సంగతి నేనే మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. అక్కడిదాకా నన్ను నేను తప్పుపట్టుకోను.

ఆ తర్వాత రేడియో తెగడం మొదలైంది. కాసేపు బాగానే పాడేది. హఠాత్తుగా ఆగేది. ఒక నిమిషానికో మూడు నిమిషాలకో మళ్లీ వచ్చేది, ఈలోపు వార్తల్లో సగం పోయేవి. బావ పద్ధతిగా వెతికాడు. స్పీకర్లను ఆపి పెట్టాడు. వంటింటి స్పీకరును ఫ్రిజ్‌కు దూరంగా జరిపాడు. ఇనుప బీరువా అడ్డమేమోనని రౌటరును మెట్ల మలుపులో ఎత్తుగా బిగించాడు. మైక్రోవేవ్ తరంగాలు అడ్డుపడతాయని ఎవరో అంటే, పదిరోజులు అక్క కూరలు పొయ్యి మీదే వెచ్చబెట్టింది. మేనకోడలి చేత స్పీకర్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాడు. ప్లగ్గులు మార్చాడు. కనెక్షను ఇచ్చినవాళ్ల మనిషి ఒంటిగంటన్నరకు వచ్చి, స్పీడు చూసి, "లైన్ ఏక్‌దమ్ ఠీక్ హై అంకుల్, ఆప్‌కా మెషీన్ హీ ఖరాబ్ హై" అని తప్పు స్పీకర్ల మీదికి నెట్టి, టీ తాగి వెళ్లాడు. ఆ గంటలో లైను బాగానే ఉంటుంది మరి. అది నా భోజనాల వేళ.

పక్కింట్లో బావతో కలిసి పనిచేసిన క్రేను ఆపరేటరు ఉండేవాడు. ప్రహరీ మీద మోచేతులాన్చి రోజూ పలకరించేవాడు.

"ఏటి ఉస్తాద్! నూరు టన్నుల క్రేన్లు లేపినోడివి, సబ్బుపెట్టంత డబ్బాకి లొంగిపోనావేటి?"

"క్రేను మొరాయిత్తే కంటికి కనబడతాదిరా. ఇది గాల్లో వత్తాది, గాల్లో పోతాది. గాలికి మీటరెక్కడెట్టమంటావు, నీ నెత్తి మీదా?"

మొదట్లో బావ ఇలా జవాబిచ్చేవాడు. నెల తిరిగేసరికి నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే అక్క రేడియోకు ఒక ఉత్తరం రాసింది. కొత్తకాపురంలో తెలుగు మాట వినబడక, కూరగాయల బజారులో ఎవరో ఇద్దరు ఆడవాళ్లు తెలుగులో పోట్లాడుకుంటుంటే నిలబడి చివరిదాకా విన్నానని రాసింది. గురువారం పదకొండింటికి చదువుతామని వాళ్లు కబురు పంపారు. వీధిలో తెలుగువాళ్లందరినీ అక్క పిలిచింది. ఆడవాళ్లే పదిమంది దాకా వచ్చారు. పక్కింటాయన గుమ్మంలో నిలబడ్డాడు. బావ చొక్కా మార్చుకుని, వంటింటి స్పీకరును తెచ్చి హాల్లో పెట్టాడు. నేను మంచినీళ్ల కోసం కిందికి దిగి మెట్ల మీద ఆగాను.

"ఈ ఉత్తరం జంషెడ్‌పూర్ నుంచి..." అన్నది రేడియోలో అమ్మాయి. అంతే. ఆగిపోయింది.

బావ ఫోను నొక్కాడు. స్పీకరు తట్టాడు. మేనకోడలు తన ఫోనులో ఈ వేడుకంతా చిన్నత్తకు వీడియో కాల్‌లో చూపిస్తోంది. "మమ్మీ, బఫర్ హో రహా హై, రుకో నా" అని తల్లిని ఆగమంది. నాలుగు నిమిషాల తర్వాత ఎవరిదో పాట వచ్చింది. ఉత్తరం అయిపోయింది.

"పేరైనా సెప్పినారో నేదో" అంది ఒకావిడ.

"ఉస్తాద్ సేతిలో పడ్డాక దేవుడైనా మూగోడైపోవాల" అన్నాడు పక్కింటాయన. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"ఇంక మీరు దాన్ని ముట్టుకోకండి" అంది బావతో, అంతమందిలో. "ఆ సెయ్యి పనిసేసిన రోజులు అయిపోనాయి."

బావ స్పీకరు తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆయన మేడ మీదికి వచ్చాడు. చేతిలో పాత నోటుపుస్తకం. ప్లాంటులో బ్రేక్‌డౌన్లు రాసినట్టే రేడియో ఆగిన ప్రతిసారీ తారీఖు, సమయం, ఎంతసేపు అన్నది రాసిపెట్టాడు.

"బామ్మర్దీ, నువ్వు సదువుకున్నోడివి. ఓపాలి సూడు. శని ఆదివారాలు ఒక్కపాలి కూడా ఆగనేదు. పదిలోపూ ఆగనేదు. ఆరు దాటేక ఆగనేదు."

"ఊఁ."

"ఒంటిగంట నుంచి రెండు దాకా కూడా నేదు. మరేటంటే, ఆఫీసులున్నప్పుడు ఆ స్టేషను మీద లోడు పడతన్నాది గావాల. ఒంటిగంటకి అందరూ బువ్వలకెల్తారు, లోడు తగ్గుతాది. అవునా కాదా?"

పుస్తకం నా ముందు పెట్టాడు. రెండు పేజీలు చదివేసరికి నాకు అర్థమైపోయింది. అందులో ఉన్నది రేడియో దినచర్య కాదు, నాది. ఆయన లోపాన్ని పూర్తిగా పట్టేశాడు. దాని చిరునామా ఒక్కటే తెలియదు. ఆ చిరునామా ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

అప్పుడు చెప్పాల్సింది. నేనన్న మాట ఇది: "లోడూ లేదు, గీడూ లేదు బావా. నువ్వు కొన్న డబ్బాలే నాసిరకం. సాయంత్రం నన్నొకసారి చూడనీ."

ఆయన తలూపి, పుస్తకం తీసుకుని దిగిపోయాడు. నేను యాప్ తెరిచి ఆ నిబంధన తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత కిందికెళ్లి, అక్క చూస్తుండగా స్పీకరు ప్లగ్గు తీశాను, దాన్ని తిరగేసి చూశాను, రెండడుగులు పక్కకు జరిపి మళ్లీ పెట్టాను. ఆ సాయంత్రం రేడియో ఆగలేదు. మర్నాడు ఆగలేదు. ఇంకెప్పుడూ ఆగలేదు.

ఎందుకలా చేశానో చాలాసార్లు ఆలోచించాను. నా వల్ల అక్క ఉత్తరం పోయిందని ఆ రోజే ఒప్పుకోవడానికి భయపడ్డాను. అది సగం కారణం. మిగతా సగం చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఈ ఊళ్లో చేతులకు నల్లటి గ్రీజు అంటని మగవాణ్ని ఎవరూ పూర్తి పనివాడిగా చూడరు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నన్ను "కంప్యూటరు బాబు" అనేవారు, బావను ఉస్తాద్ అనేవారు. ఒక్కసారి అది తిరగబడితే చూడాలనిపించింది.

తిరగబడింది. "నెల్రోజులు ఈయన సేతకానిది మా తమ్ముడు పది నిమిషాల్లో సేసేడు" అని అక్క ప్రహరీ మీదుగా చెప్పింది. పక్కింటాయన తన ఎమర్జెన్సీ లైటు తెచ్చి, బావ బల్ల దాటి, మెట్లెక్కి నాకిచ్చాడు. నాకు తీరిక లేదని తిప్పి పంపాను. అది మాత్రం నిజాయితీగా చేశాననుకున్నాను.

బావ బల్ల వెంటనే ఖాళీ కాలేదు. జనం తెస్తూనే ఉన్నారు. ఆయనే వద్దనేవాడు. "నా సెయ్యి పట్టట్లేదమ్మా. మాంగో బజార్లో ఇచ్చీ" అనేవాడు. ఎవరైనా పట్టుబడితే తీసుకుని, రెండు రోజులుంచి, విప్పకుండానే తిరిగిచ్చేవాడు. కొన్నాళ్లకు ఆ బల్ల మీద అక్క వడియాలు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను రోజూ పదింటికి ఆ బల్ల పక్క నుంచే మేడెక్కేవాణ్ని.

ఏడాది దాటాక ఒక సోమవారం నేను వచ్చేసరికి గుమ్మం దగ్గర ఎవరో తెలియని మనిషి స్టూలెక్కి కాలింగ్‌బెల్ విప్పుతున్నాడు. డబ్బిచ్చి పిలిపించిన ఎలక్ట్రీషియను. స్టూలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డది మా బావ. ఆ మనిషి వదులైన వైరు చూపించి "యే లూజ్ థా, చాచా" అంటే, "అచ్ఛా, అచ్ఛా" అని తల పైకెత్తి చూస్తున్నాడు.

ఆ రోజు నేను పనికి కూర్చోలేదు. ఎలక్ట్రీషియను వెళ్లాక వరండాలో బావ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. ప్రశ్నలు వేశాడు.

"వాటా ఎంతెట్టేవు?"

చెప్పాను.

"ఆయాల ఉత్తరం సదివినప్పుడు మన పాప ఈడియో కాలులో ఉన్నాది కదూ?"

"ఉంది."

"అద్గదీ. అదంతా మింగీసింది. రేడియోకి మిగల్నేదు." ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు. ఏడాదిగా తెగని లెక్క తెగినప్పటి తేలిక. అది ఎక్కువసేపు ఉండలేదు.

"ప్లాంట్లో స్విచ్చాపితే దానికి పేరు రాసి ట్యాగు కట్టాల, తెలుసా నీకు? ఫలానావోడు ఆపేడు అని. ఎవుడు కట్టేడో ఆడే వొచ్చి, గ్యాంగందరి ముందూ ఇప్పాల. పెద్ద సాబొచ్చినా ఇంకోడు ముట్టుకోకూడదు. నువ్వు ట్యాగు కట్టకుండా ఆపేవు. దొంగతనంగా ఇప్పేవు."

"తప్పే బావా."

"నాకు సెప్తే నాకేటొత్తాది? నా సెయ్యి పోయిందని నువ్వన్నావేటి? మీ అక్కంది. పదిమందిలో అంది. నేనూ నమ్మీసేను." అని లేచి లోపలికి వెళ్లాడు.

గురువారం దాకా ఆగాను. పదకొండింటికి అక్క స్నేహితురాళ్లు టీకి వస్తారు. పక్కింటాయనను నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. బావ రానన్నాడు. వరండాలోనే ఉన్నాడు కనక నేనూ అక్కడే నిలబడ్డాను, అందరినీ గుమ్మంలోకి రమ్మన్నాను.

"ఏట్రా, అందర్నీ పోగేసేవు, ట్రాన్స్‌ఫరేటి?" అంది అక్క.

"కాదక్కా. నీ ఉత్తరం ఇననివ్వకుండా సేసింది నేను" అన్నాను. నా మాట దానంతటదే మా పల్లె యాసలోకి దిగింది. నిబంధన గురించి చెప్పాను, నోటుపుస్తకం గురించి చెప్పాను, స్పీకరు తిరగేసి చూసినట్టు నటించడం గురించి చెప్పాను. అక్క చేతిలో టీ కప్పు కింద పెట్టేసింది. అప్పుడు బావ వైపు తిరిగాను.

"ఆ ఫాల్టు నేనెట్టిందే బావా. నువ్వు టైములతో సహా పట్టుకుని నా సేతికిచ్చేవు. నేను సూసి దాచీసేను, బాగుసేసిన పేరు నేను తీసుకున్నాను. నీ సెయ్యి ఎక్కడికీ పోనేదు. తప్పు నాది. అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించు."