గడ్డి సారు

ఆ మునిసిపాలిటీలో గడ్డి తినేవాళ్లు చాలామందే ఉండేవారు. గడ్డి పెంచినవాడు మాత్రం ఆయనొక్కడే. అందుకే ఊరంతా ఆయన్ని గడ్డి సారు అనేది.

అసలాయన నీళ్ల విభాగం అధికారి. ఊళ్లో మొట్టమొదటి క్రికెట్ మైదానం వేసినప్పుడు, "నీళ్లు మీ చేతిలోనే ఉన్నాయి కదా, గడ్డి కూడా మీరే చూసుకోండి" అని ఛైర్మన్ ఆయనకి అంటగట్టాడు. అప్పటికాయన క్రికెట్ ఆట చూసి ఎరగడు. ఏడాది తిరిగేసరికి మాత్రం ఆటగాళ్ల వెంటపడి, "మెల్లగా పరిగెత్తండి బాబూ, దానికి నొప్పెడుతుంది" అని బతిమాలే స్థితికి వచ్చాడు.

ఒక వేసవిలో చెరువు అడుగంటింది. మొక్కలకి కుళాయి నీళ్లు పొయ్యకూడదని ఆయనే ఉత్తర్వు వేశాడు. మైదానం ఎండిపోసాగింది. పై ఊరి జట్టుతో పోటీ దగ్గరపడింది.

"గుట్టుగా నాలుగు బిందెలు పోయించండి, ఎవరు చూస్తారు?" అన్నాడు ఛైర్మన్.

"తాగడానికే లేవండీ" అని వచ్చేసి, గడ్డి సారు తన ఇంట్లోవాళ్ల స్నానాల నీళ్లు తొట్లో పట్టి, సైకిల్ మీద మైదానానికి మోయడం మొదలుపెట్టాడు. చుట్టంచూపుగా వచ్చిన బావమరిదినీ వదల్లేదు.

"పొద్దున్నే చేశాను బావా!"

"చేస్తే చేశావులే, ఇంకోసారి చెయ్యి. బౌండరీ పక్కన ఎండిపోతోంది."

"మా తమ్ముడొచ్చింది నన్ను చూడ్డానికా, మీ గడ్డి తడపడానికా?" అని భార్య కయ్యిమంది. అంటూనే, ఇరుగుపొరుగు బట్టలుతికిన నీళ్లు కూడా ఆవిడే అడిగి తెచ్చింది.

పోటీ రోజుకి గడ్డి పచ్చగా నిలిచింది. పై ఊరి కెప్టెన్ వంగి వాసన చూసి, "ఇదేంటండీ, సబ్బు వాసన!" అన్నాడు.

"మా ఊళ్లో శుభ్రం ఎక్కువండీ" అన్నాడు గడ్డి సారు.

పదవిని బట్టి కెప్టెన్ అయిన ఛైర్మన్, మొదటి బంతికే అవుటయ్యాడు. "సబ్బు నీళ్లకి బంతి జారింది!" అని అందరి ముందూ అరిచాడు.

"బంతి జారలేదండీ, మీ బ్యాటే లేవలేదు" అన్నాడు గడ్డి సారు, ఉన్నమాట చెబుతున్నట్టే.

మర్నాడే ఆయన్ని శ్మశానం పర్యవేక్షణకి బదిలీ చేశారు. మైదానం గుర్తొచ్చి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు లేచి, శ్మశానంలోనే గడ్డి నాటాడు. వానలు పడ్డాక అక్కడ కన్నుల పండువగా ఉండేది. ముసలివాళ్లు షికారుకొచ్చి, మంచి నీడ చూసుకుని కూర్చునేవారు.

ఒక సాయంత్రం ఛైర్మన్ కూడా వచ్చాడు. "హాయిగా ఉందయ్యా ఇక్కడ!" అన్నాడు చుట్టూ చూసి.

పాత కోపమేదీ పెట్టుకోని గడ్డి సారు పొంగిపోయి, "మీకేం సార్, మీరెప్పుడొచ్చినా మంచి చోటు నేను చూసిపెడతాను కదా!" అన్నాడు.

ఛైర్మన్ ముఖం తెల్లగా పాలిపోయింది. తెల్లారేసరికి గడ్డి సారుకి మళ్లీ మైదానానికి బదిలీ అయింది. ఎందుకో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు.