నెల జీతానికి కుదిరిన కాశప్ప

ఎమ్మిగనూరులో నాగన్న మినీ లారీ నడిపే కాశప్పకు ట్రిప్పు కూలి మీద మనసు విరిగిపోయింది. ఎండాకాలమంతా బాడుగలు లేక బండి షెడ్డులో నిలబడింది, కూలి లేక కాశప్ప ఇంట్లో పడుకున్నాడు. పక్కింటి అటెండరు ఏసన్న మాత్రం పదింటికి పోయి ఐదింటికి వచ్చేవాడు. నెల తిరిగేసరికి జీతం తెచ్చుకునేవాడు. ఆ దర్జా చూస్తే కాశప్పకు కడుపు మండేది.

దసరా నాడు బండికి పూజ చేసి, దాని ముందరే కూలి మాట్లాడుకోవడం వాళ్ళ అలవాటు. ఆ పూట అనుకున్న మాట మళ్ళీ దసరా దాకా ఎవరూ మార్చకూడదు.

"ట్రిప్పు కూలి నాకొద్దన్నా. నెల జీతం ఇయ్యి" అన్నాడు కాశప్ప.

వక్కపొడి కూడా బేరమాడకుండా కొనని నాగన్న మారుమాట లేకుండా తలూపాడు. కాశప్ప పొంగిపోయి ఇంట్లో చెప్పాడు. భార్య ఉరుకుందమ్మ చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది.

"ఏమయ్యా, పత్తి తీతలు ఇప్పుడే గదా మొదలయ్యేది! దినమూ ఆదోనికి తిరుగుతాండాల. ఎండాకాలానికి అడగాల్సిన జీతం పత్తికాలానికి అడిగి వస్తివా?"

అప్పుడు వెలిగింది కాశప్పకు. కానీ బండి ముందర అన్న మాటాయె. ఇక ఆదోని మార్కెట్ యార్డుకు పోవడం, రావడం, మళ్ళీ పోవడం. కుర్రాళ్ళంతా కార్లు నడపడానికి బెంగుళూరు పోయి డ్రైవర్లు దొరక్క, ఆ ఏడు ట్రిప్పు కూలి పెరిగింది కూడా. తోటి డ్రైవర్లు నిండిన జేబులు తడుముకుంటూ, "ఏం అటెండరు సారూ, జీతం వచ్చినాదా?" అని గేలి చేసేవారు.

వినీ వినీ ఉరుకుందమ్మే అంది: "వాళ్ళన్నట్లే అటెండరు మాదిరే ఉండు. ఏం పోయింది?"

మర్నాడు కాశప్ప పదింటికి తల దువ్వుకుని, క్యారియరు పట్టుకుని షెడ్డుకు పోయాడు. మధ్యాహ్నం రోడ్డు పక్కన బండి ఆపి, అన్నం తిని, ముఖాన తువ్వాలు వేసుకుని ఓ కునుకు తీశాడు. ఐదింటికి తాళంచెవి నాగన్న ముందు పెట్టాడు.

"యాడికప్పా? చేన్ల కాడ మూటలు అట్లే ఉండాయి!"

"రేపు గూడా ఉంటాయి లేన్నా. యాడికి పోతాయి?"

ఆదివారం అసలు రానేలేదు. రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేసి నాగన్నను తిట్టారు. వేరే డ్రైవరు కోసం ఊరంతా గాలించినా దొరకలేదు. సోమవారం పొద్దున్నే నాగన్న కాశప్ప గడపలోకి వచ్చాడు.

"ట్రిప్పు కూలికే రాప్పా. ఊర్లో అందరూ ఇచ్చేదే నేనూ ఇస్తా."

"మాట మార్సగూడదు గదన్నా" అన్నాడు కాశప్ప, సంగటి ముద్ద విరుస్తూ.

"నువ్వు మార్సొద్దులే. నేనే మార్సినాననుకో."

తలుపు చాటు నుంచి ఉరుకుందమ్మ గొంతు వినిపించింది. "పత్తికాలానికి ట్రిప్పు కూలి, ఎండాకాలానికి నెల జీతం. అట్లయితే వస్తాడన్నా."

"రెండూనా తల్లీ!"

"పోనీ, ఎండాకాలం సగం జీతమియ్యి."

నాగన్న జేబులో ఫోను మోగింది. ఏ రైతో చూసి, ఎత్తకుండానే తలూపాడు. కాశప్ప కంచం వదిలి లేవబోయాడు. ఉరుకుందమ్మ ఇవతలికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"కడుపు నిండా తినిపో. పదయ్యేదాకా నువ్వు నెల జీతమోడివే."