మూడో చేతి ఫోను

రోజూ పదకొండింటికి పెద్దావిడ కళ్లజోడు లేకుండానే చెల్లెలికి ఫోను చేస్తుంది. కింది వరసలో రెండో బొమ్మ మీద బొటనవేలు పెడితే చాలు. ఆ చోటు వేలికి అలవాటయ్యేసరికి ఆర్నెల్లు పడుతుంది. ఏడాది తిరిగేసరికి కొడుకు కొత్త ఫోను కొంటాడు. అతని పాతది భార్యకూ, ఆమెది పెద్దావిడకూ దిగుతాయి. ఈసారి ఫోన్లు మారిన మర్నాడే చెల్లెలికి కంటి ఆపరేషను. లోపలికి వెళ్లేముందు అక్క గొంతు వినాలని ఆమె కాచుకుని ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. పెద్దావిడ అలవాటైన చోటే నొక్కింది. కెమెరా తెరుచుకుని తన గడ్డమే కనిపించింది. ఎన్నిసార్లు నొక్కినా గడ్డమే. సాయంత్రం కంటికి కట్టుతో చెల్లెలే ఫోను చేసి, "కన్ను కోయించుకుంది నేనా, నువ్వా అక్కా?" అంది. పెద్దావిడకు నవ్వు రాలేదు.

"ఇందులో కెమెరా ఎంత బాగుంటుందో తెలుసా అమ్మా?" అన్నాడు కొడుకు, ఆఫీసు నుంచి వచ్చి విషయం విన్నాక.

"చూశాన్రా. పుట్టుమచ్చ మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నా పాతది సొరుగులోంచి తీసివ్వు."

"అయితే నాది నాకిచ్చెయ్యండి అత్తయ్యా," అని కోడలు చెయ్యి చాపింది. "ఈయనది ఈయనే ఉంచుకుంటారు."

ఇప్పుడు అతని జేబుల్లో రెండు ఫోన్లున్నాయి.